జారితే సోడా

మా బావ పాల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు గానీ పాల దగ్గర కాదు, పాల డబ్బాలూ గొట్టాలూ కడిగిన నీళ్ల దగ్గర. ఆ తెల్లటి మురుగును మెంబ్రేన్లనే సన్నని వడపోత పొరల్లోంచి నెట్టి, తేట నీళ్లను కాలవలోకి వదలడం పన్నెండేళ్లుగా ఆయన పని. అదే షెడ్డులో పంపులు చూసేది నేను. ఆ కాలవ అక్కావాళ్ల గుమ్మం ముందు నుంచే పోతుంది. ఈ పొరలు రాకముందు కంపుకు ఆ వీధిలో ఎవరికీ ముద్ద దిగేది కాదు. ఇవి పాడైతే మళ్లీ కొనేది లేదని యాజమాన్యం ఎప్పుడో తేల్చి చెప్పింది.

అందుకే బావ వాటిని కంటికి రెప్పలా చూసుకునేవాడు. కడిగేటప్పుడు ముందు కాస్టిక్ సోడా, తర్వాత యాసిడ్. వరస తప్పితే పొరల్లో మిగిలిన పాలు అక్కడే విరుగుతాయి. డబ్బా మీద చీటీ ఊడిపోతే, ఒక చుక్క నీళ్లలో కలిపి వేళ్ల మధ్య రుద్దేవాడు. జారితే సోడా. సోడానో యాసిడో రంగు మారి చెప్పే పరీక్ష కాగితం నేనిస్తే, "నా వేళ్లకన్నా దానికెక్కువ తెలుసా?" అని నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

మొన్న సోమవారం చీటీ లేని డబ్బా ఒకటి వచ్చింది. బావ రుద్ది చూసి, "జారుతోంది, పోసెయ్," అన్నాడు. పన్నెండేళ్లు సోడాలో నానిన వేళ్లవి. గీతలు కూడా అరిగిపోయి, వాటికి ఏది తగిలినా జారుతుందని ఆయనకు తెలియదు. కాగితం నా జేబులోనే ఉంది. బావ మాట కాదనడం ఎందుకులే అనుకున్నాను, నా మొహం మండ!

పది నిమిషాల్లో ప్రెజర్ ముల్లు ఎర్రగీత దాటింది. అవతల చుక్క రాలేదు. మూడు రోజులు సోడాతో, వేడినీళ్లతో కుస్తీ పట్టాం. ఒక పొర కోసి చూస్తే లోపలంతా విరిగిన పాలే. మేం పోసింది యాసిడ్.

"దీనికి విరుగుడు లేదురా," అన్నాడు బావ. మాటలతో ఆడుకునే మనిషి, తన మాటలోని చమత్కారం తనకే వినబడలేదు. నాకు ఏడుపొచ్చింది.

మేనేజరు బావను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పోనీలే, అయిందేదో అయింది. నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. పక్క వాల్వు తిప్పడానికి మనిషి కావాలిగా," అన్నాడు. మురుగును నేరుగా కాలవలో కలిపే వాల్వు అది. బావ రెండు చేతులతో తిప్పాడు.

సాయంత్రం మేం వెళ్లేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. కాలవ తెల్లగా పారుతోంది.

"ఎన్నాళ్లండీ ఇలా? ఎప్పుడు బాగుచేస్తారు?"

"ఉద్యోగం పోలేదులే," అన్నాడు బావ చెప్పులు విప్పుతూ.

"నేనడిగింది అది కాదు."

"అదే చెబుతున్నా. రేపట్నుంచి రోజూ దీన్ని వదిలేది నేనే."