సముద్రానికి వేసిన సున్నం

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తాను చెప్పే పాఠం మీద ఉండే నమ్మకం, తర్వాత మరి దేని మీదా ఉండదు. నేనప్పుడు టెక్కలిలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. వేడి పుట్టించే చర్య ఉష్ణమోచకమనీ, వేడిని లాక్కునేది ఉష్ణగ్రాహకమనీ (అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ) వివరిస్తూ తిరిగేవాణ్ణి.

ఆ ఏడే మా అక్కావాళ్లు ఉద్దానం తీరాన కొత్త ఇల్లు కట్టుకున్నారు. గోడలకు సున్నం నాదేనని మాటిచ్చి, ఒక బస్తా కొన్నాను. అదీ నీళ్లు తగలని గుల్ల సున్నం. అక్కడికి వెళ్లాక నీళ్లు పోసి, నిప్పు లేకుండా అదెలా ఉడుకుతుందో మేనకోడళ్లకు చూపించాలని నా ఉబలాటం. వానలకు రోడ్డు తెగిపోవడంతో, చేపలవేటకు వెళ్లే మా బావ తన ఇంజను బోటును భావనపాడుకు తెచ్చాడు. బస్తాను బోటు అడుగున పెట్టి, దాని మీద నా బట్టల బ్యాగు, పక్కన డీజిల్ డబ్బా సర్దాం.

రేవు దాటాక కెరటాలు లోపలికి చిమ్మాయి. అడుగున నీళ్లు చేరడం చూస్తూనే ఉన్నాను, బస్తా సంగతి మాత్రం తట్టలేదు. కాసేపటికి కాళ్ల దగ్గర బుస్సుమంది.

"ఏటి మేస్టారూ, నీ బస్తాలోంచి పొగలొత్తన్నాయి," అంటూ బావ బకెట్టుతో నీళ్లు ముంచాడు.

"నీళ్లు పొయ్యకు బావా."

"పొగొత్తంటే నీల్లు కాక ఏటి పోత్తారు?"

"నీళ్లు తగలబట్టే వేడి పుట్టింది. అది ఉష్ణమోచక చర్య."

"సెర్యో గిర్యో, ముందా డీజిలు డబ్బా ఇవతలకి లాగు."

లాగాను. బస్తాను ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. అది ఉబ్బుతోంది, కుట్లు విడుతున్నాయి. ఒడ్డు దూరం, నాకు ఈత రాదు. (సమీకరణం చివర 'ఉష్ణం' అని ఎన్నిసార్లు రాశానో, ఒక్కసారీ భయం వేయలేదు.) బావ ఇంజను ఆపి తెడ్డుతో బస్తాను పైకి లేపాడు, నేను కాలితో తోశాను. బస్తాతో పాటు నా బ్యాగూ సముద్రంలో పడింది. అక్కడ నీళ్లు కుతకుతలాడి, తెల్లటి ఆవిరి లేచి, గాలికి పోయింది.

గృహప్రవేశం నాడు గోడలు సిమెంటు రంగులోనే ఉన్నాయి. నేను బావ లుంగీలో ఉన్నాను. భోజనాల దగ్గర ఒక పెద్దాయన అడిగాడు, "సున్నం ఎయ్యలేదేటి?" అని. బావ వడ్డిస్తూ తలెత్తకుండానే, "మా బావమరిది సముద్రానికి ఏసేసినాడు," అన్నాడు.

పంక్తంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ పెద్దాయనకు సున్నమూ నీళ్లూ కలిస్తే ఏమవుతుందో మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టానట. విస్తట్లో పప్పు చల్లారిపోయేదాకా ఆయన పాపం విన్నాడని అక్క ఇప్పటికీ చెబుతుంది. ఎందుకో, అప్పటి ఆ కుర్ర మేస్టారిని తలుచుకుంటే, పాఠం మధ్యలో ఆపాలనిపించదు.