టీ దాకా ఆగని కండక్టరమ్మ

ఉద్యోగం మానేసి నాలుగేళ్ళయినా ఊళ్ళో అందరికీ ఆవిడ ఇంకా కండక్టరమ్మే. ఇరవై ఆరేళ్ళు సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి. నిలబడి నిలబడి కాళ్ళు, అరిచి అరిచి గొంతు రాటుదేలిపోయాయి. రిటైరయ్యాక కాళ్ళయితే ఊరుకున్నాయి గానీ గొంతు ఊరుకుంటేనా! ఇంట్లో వినేవాడు మొగుడొక్కడే. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని పొద్దస్తమానం గడియారాలు బాగుచేస్తూ కూర్చుంటాడు. "నీ నోటికి బ్రేకు వేసే డ్రైవరు ఇంకా పుట్టలేదే" అని మాత్రం రోజుకోసారి తలెత్తకుండానే అంటాడు.

అందుకని ఆవిడ పై ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు ఊరు చూపించే పని పెట్టుకుంది. వారానికి ఒక్కరోజు, శనివారం. పొద్దున పాత మార్కెట్టు, తర్వాత అద్దకం పనివాళ్ళ వీధి, మధ్యాహ్నం ఒక ఇంట్లో భోజనం, రెండున్నరకు నది మీద పడవ. ఆ పనిలో ఆవిడకు ఆవిడే సాటి. తెలిసింది చెప్పేది, తెలియనిది ఇంకా బాగా చెప్పేది. ప్రతి మలుపులోనూ ఆగి వేలు ఆడిస్తూ తలలు లెక్కపెట్టేది. తన వెంట వచ్చినవాళ్ళు ఒక్కరు కూడా తప్పిపోలేదని చెప్పుకునేటప్పుడు మాత్రం ఆవిడ మాటలో అబద్ధం లేదు.

ఆవిడ తిప్పే తిప్పుడులో అన్నిటికన్నా పేరు వచ్చింది భోజనానికి. రైలు గేటు వెనక సందులో, మెట్ల మీద ఎప్పుడూ తడి బట్టల వాసన వచ్చే ఇంట్లో, మూడో అంతస్తులో రొట్టెలావిడ ఉంటుంది. యుద్ధం తరిమితే దేశం దాటి వచ్చిన మనిషి. రెండేళ్ళ క్రితం మార్కెట్లో పిండి కొంటూ, బేరం చేయడానికి భాష రాక వేళ్ళు చూపిస్తుంటే కండక్టరమ్మ అడ్డుపడి దుకాణంవాడికి గడ్డి పెట్టింది. అలా పరిచయం. ఆ వారమే వాళ్ళింట్లో రొట్టె తిని, ఇది నలుగురికీ తినిపించాల్సిన రొట్టె అని తేల్చేసింది. రొట్టెలావిడ సైగలతోనే ఒప్పుకుంది.

వంటగదీ హాలూ ఒకటే గది. కిటికీ పక్కన పొయ్యి, మధ్యలో రెండు బల్లలు కలిపి వేసిన పొడుగు బల్ల. ఆకుకూర కూరి, అంచులు మడిచి, పెనం మీద కాల్చిన రొట్టెలు. చిక్కుడు గింజల కూర. పుల్లటి పెరుగులో నానిన దోసముక్కలు. అన్నీ వాళ్ళ అమ్మమ్మల కాలం నాటి వంటలేనట. వడ్డిస్తున్నంతసేపూ రొట్టెలావిడ పెదవి విప్పేది కాదు. కండక్టరమ్మకు మాటల్లేని చోటు కనిపిస్తే ఖాళీ సీటు కనిపించినట్టే, ఎవరినో ఒకరిని కూర్చోబెట్టందే ప్రాణం ఊరుకోదు. పాపం, దిగులుతో నోరు పడిపోయింది కాబోలు అని తనే నిర్ధారించేసుకుని, ఆమె తరఫున ఆమె కథ తనే చెప్పడం మొదలుపెట్టింది.

ఏమిటా కథ? మొదటి నెలలో చెప్పినప్పుడు రొట్టెలావిడ మూడు రోజులు నడిచింది. ఆరో నెలకు అవి ఏడు రోజులయ్యాయి. ఏడాది తిరిగేసరికి మంచు పడింది, భర్త పోయాడు, వీపున ఒక చంటిబిడ్డ చేరింది. పొయ్యి పక్కన మేకుకు ఒక తాళంచెవి వేలాడుతూ ఉంటుంది. "అదిగో, కాలిపోయిన ఇంటి తాళం" అని కండక్టరమ్మ గొంతు తగ్గించి చెప్పగానే తినేవాళ్ళ కళ్ళు చెమర్చేవి. ఆ చెమ్మ చూసి ఆవిడకు ఇంకో రెండు ముక్కలు తోచేవి. కథ అయ్యేసరికి రెండూ పది. "పదండి, పదండి, పడవవాడు ఎవరి కోసమూ ఆగడు" అంటూ అందరినీ మెట్లు దించేసేది. పొయ్యి మీద నీళ్ళగిన్నె మరుగుతూనే ఉండేది. అది దేనికని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ శనివారం ఏడుగురిని వెంటేసుకుని పైకి వెళ్ళింది. గుమ్మంలో ఆగి, వేలు ఆడించి, "ఏడు" అంది. రొట్టెలావిడ ఎప్పటిలాగే ఆ వేలు వంకే చూసింది. కానీ ఎప్పటిలా పక్కకు తప్పుకోలేదు.

"అక్కా, ఇవాళ టీ తాగి వెళ్ళాలి. టీ తాగకుండా తీసుకుపోతే వచ్చే వారం నుంచి నా ఇంటికి ఎవరినీ తీసుకురావద్దు" అంది.

కండక్టరమ్మ గుండెల్లో రాయి పడింది. ఈ ఇల్లు పోతే శనివారంలో ఇంకేముంది? అద్దకం తొట్లు చూడ్డానికి ఎవరొస్తారు? అయినా బయటపడితే ఆవిడ కండక్టరమ్మ ఎలా అవుతుంది! "అదెంత పని చెల్లెమ్మా, టీయే కదా, రెండు గుక్కల్లో తాగేస్తాం" అని భుజం తట్టి లోపలికి నడిచింది. చెల్లెమ్మకు మాటలు బాగానే వచ్చేశాయే అని ఒక్క క్షణం అనిపించింది. కూరగాయల బజార్లో నేర్చుకుని ఉంటుందిలే అనుకుని అక్కడితో వదిలేసింది.

రొట్టెలు వచ్చాయి. కథా వచ్చింది. ఇవాళ ఎక్కువ టైము లేదు కాబట్టి కండక్టరమ్మ కథను ఎక్స్‌ప్రెస్ బస్సులా నడిపించింది. "ఏడు రాత్రులండీ! మోకాలి లోతు మంచు! వీపున బిడ్డ!"

ఏడుగురిలో ఒక లెక్కల మాస్టారు ఉన్నాడు. రొట్టె తుంచుతూ, "బిడ్డ ఇప్పుడెక్కడుంది?" అని అడిగాడు.

రెండేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. "హాస్టల్లో" అంది కండక్టరమ్మ, తడుముకోకుండా.

పొయ్యి దగ్గర అట్లకాడ ఆగిపోయింది. రొట్టెలావిడ వెనక్కి తిరిగి చూసింది. మాస్టారి పళ్ళెంలో ఇంకో రొట్టె వేసి మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

భోజనాలయ్యేసరికి రెండూ పన్నెండు. పడవ రేవుకు పావుగంట నడక. రొట్టెలావిడ బల్ల తుడిచి, తొమ్మిది గాజు గ్లాసులు వరసగా పెట్టింది. నీళ్ళు ఇంకా అప్పుడే మరుగుతున్నాయి. కండక్టరమ్మ గడియారం చూసింది, గ్లాసులు చూసింది, మళ్ళీ గడియారం చూసింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు కాళ్ళలో ఉంటుంది కాబోలు, మనసు తేల్చుకునే లోపలే కాళ్ళు లేచి నిలబడ్డాయి.

"చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. వచ్చే వారం ఒట్టు, అరగంట ముందే వస్తాం. పదండి, పదండి..."

రొట్టెలావిడ బతిమాలలేదు, కోపగించుకోలేదు. మేకుకున్న తాళంచెవి తీసి తెచ్చి కండక్టరమ్మ ముందు బల్ల మీద పెట్టింది.

"అక్కా, నువ్వు చూసి చెప్పు. ఇది ఇంటి తాళమా?"

కండక్టరమ్మ చేతిలోకి తీసుకుంది. పొడుగాటి కాడ, అరిగిపోయిన పళ్ళు, నల్లటి ప్లాస్టిక్ తల. రింగుకు ఒక ఇనప బిళ్ళ, బిళ్ళ మీద అచ్చు గుద్దిన నంబరు. ఇలాంటి తాళంచెవి ఆవిడ ఇరవై ఆరేళ్ళు రోజూ చూసింది, స్టీరింగు పక్కన ఊగుతూ ఉండేది. ఇంకొకరెవరైనా పోల్చుకోలేకపోయారంటే అర్థముంది. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

"బస్సుది" అంది, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో.

"బస్సుదే. నేను బస్సు డ్రైవర్ని. పదకొండేళ్ళు నడిపాను" అంది రొట్టెలావిడ. "నాకు బిడ్డలు లేరు. భర్త చచ్చిపోలేదు, యుద్ధానికి ముందే ఇంకో ఆమెను చేసుకున్నాడు. బాగా ఉన్నాడని విన్నాను. మంచు లేదు, ఎండాకాలం. సాయంత్రం బడికి వెళ్ళి ఏడాదిన్నర నుంచి మీ భాష నేర్చుకుంటున్నాను. నువ్వు చెప్పేది ఆరు నెలల నుంచి నాకు అర్థమవుతోంది అక్కా."

ఏడుగురిలోనే ఉన్న కొత్తగా పెళ్ళయిన జంట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారు మర్యాదకు కిటికీలోంచి బయటికి చూశాడు. కండక్టరమ్మకు ఆ ఆరు నెలల్లో ఎన్ని శనివారాలో, ఒక్కో శనివారం ఏమేం కలిపిందో అన్నీ వరసగా గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"మరి... అప్పుడే నోరు మూసుకోమని ఎందుకు చెప్పలేదు?"

"మా వైపు వడ్డించేవాళ్ళు మాట్లాడకూడదు. ఆకలితో వచ్చినవాళ్ళకు కథ చెబితే, వినాలో తినాలో తెలియక సగం కడుపుతో లేస్తారు. తిన్నాక టీ పోస్తాం. టీ దగ్గర ఇంటివాళ్ళు మాట్లాడతారు, వచ్చినవాళ్ళు అడుగుతారు. రెండేళ్ళ నుంచి నేను ప్రతి శనివారం నీళ్ళు పెడుతున్నాను. నువ్వు ప్రతి శనివారం పదండి పదండి అంటున్నావు."

కండక్టరమ్మ మెల్లగా కూర్చుంది. "ఏమండీ, పడవ కావాలా, టీ కావాలా?" అని ఏడుగురినీ అడిగింది. మాస్టారు గ్లాసు తన ముందుకు జరుపుకున్నాడు. మిగతావాళ్ళూ జరుపుకున్నారు. పోతే పోయింది వెధవ పడవ, రేపూ ఉంటుంది నది.

టీ నల్లగా, చిక్కగా ఉంది. రొట్టెలావిడ బల్ల చివర కూర్చుని, మాటలు వెతుక్కుంటూ, కానీ ఎక్కడా తొట్రుపడకుండా చెప్పింది. సైన్యం వస్తోందని తెలిసిన పొద్దున డిపో నుంచి బస్సు తీసింది. ఎవరినీ అడగలేదు. తన వీధిలోకి తెచ్చి హారన్ కొట్టింది. ఎక్కినవాళ్ళను ఎక్కించుకుని పొలాల దారిన సరిహద్దు దాకా నడిపింది. ఒకచోట టైరు పంక్చరైతే పెళ్ళికొడుకులా తయారైన ఒకాయన కోటు విప్పి జాకీ తిప్పాడు. అది చెబుతూ ఆమె నవ్వింది, అందరూ నవ్వారు. అంత గొప్పగా నవ్వగలదని కండక్టరమ్మకు అప్పుడే తెలిసింది. సరిహద్దులో వాహనాలు రానివ్వలేదు. బస్సు రోడ్డు పక్కన వదిలి, తాళంచెవి జేబులో వేసుకుని నడిచి దాటింది.

"ఎంతమంది ఎక్కారు?" అని కండక్టరమ్మ అడిగింది. ఇంకెవరూ అడగని ప్రశ్న అది, ఆవిడ మాత్రమే అడుగుతుంది.

రొట్టెలావిడ గ్లాసు కింద పెట్టింది. "అదే తెలియదు అక్కా. ఆ రోజు నా బస్సులో కండక్టరు లేడు. నేను స్టీరింగు దగ్గర ఉన్నాను. అందరూ ఎక్కారా అని అరిచాను, ఎక్కాం అన్నారు. అవతలికి వెళ్ళాక చూస్తే మా వీధి చివరి ముసలమ్మ లేదు. ఈ రొట్టె నాకు నేర్పింది ఆవిడే. చెవులు వినబడవు. హారన్ వినబడి ఉండదు. ఎన్నో ఉత్తరాలు రాశాను, జవాబు లేదు."

కండక్టరమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. తన కథల్లో ఇన్నాళ్ళూ ఎవరెవరినో చంపింది, ఎవరెవరినో నడిపించింది గానీ, వాటిలో ఒక్క ముసలమ్మ లేదు.

"తప్పయిపోయింది చెల్లెమ్మా. నీ ఇల్లు, నీ ఇష్టం. ఇక తీసుకురావద్దంటే తీసుకురాను" అంది.

"తీసుకురా" అంది రొట్టెలావిడ. "నీ అబద్ధాలన్నీ వింటూ ఆరు నెలలు ఎందుకు ఊరుకున్నాననుకున్నావు? నువ్వు గుమ్మంలో ఆగి తలలు లెక్కపెడతావు. అది చూస్తే నాకు మనసు కుదుటపడుతుంది. ఇక నుంచి కథ నేను చెబుతాను. నువ్వు లెక్కపెట్టు."

మూడున్నరకు మెట్లు దిగారు. వీధిలోకి వచ్చాక కండక్టరమ్మ వేలు ఆడించి, పైకి చూసి, "ఏడుగురూ ఉన్నారు చెల్లెమ్మా! రైట్ రైట్!" అని సందు అదిరేలా కేకేసింది.

మూడో అంతస్తు కిటికీలోంచి రొట్టెలావిడ వంగి చూసింది.

"ఇంకోసారి లెక్కపెట్టక్కా."

కండక్టరమ్మ వెనక్కి తిరిగింది. ఈసారి వేలు ఆడించలేదు. మాస్టారి దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి, పైకి వినబడేలా ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టింది.