కొసరుకు దొరికిన ఎకో

ఆ రోజుల్లో, అంటే మా ఊరి పేరు చెన్నై అని మారిన కొత్తల్లో, ఎలక్ట్రానిక్సు సామాన్లమ్మే రిచీ స్ట్రీటు మొత్తం మీద నా అంత గొప్పగా బేరమాడి, నా అంత గొప్పగా మునిగిన మనిషి మరొకరు లేరని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. చింతాద్రిపేటలో మాది చిల్లర కొట్టు. బడిలో చేరకముందే నాకు కొసరు అడగడం వచ్చు. (డాక్టరు పది రోజులకు మందు రాస్తే, ఎనిమిది రోజులు చాలవా అని అడిగే వంశం మాది.) అలాంటి నేను కంప్యూటరు చదువు చదివి, పాటకచేరీల వాళ్ళకు సౌండు పెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాను.

ఆ పెట్టెకు వెనకవైపు ఒక గాడి ఉండేది. అందులో ఏ కార్డు దూరిస్తే పెట్టెకు ఆ విద్య వస్తుంది. ఎకో కార్డు దూరిస్తే గొంతు కొండల్లో పాడినట్టు మోగాలి. ఎకో ప్రోగ్రాము కంప్యూటర్లో నేనే రాశాను, అక్కడ హాయిగా నడుస్తోంది కూడా. దాన్ని కార్డులోకి ఎక్కించడమే తరువాయి. మా ముదలాళి, అంటే కంపెనీ యజమాని, కచేరీ ట్రూపుల దగ్గర అడ్వాన్సులు పట్టుకుని, ఆ కార్డులకు యాభై చిప్పు బోర్డులు కొనమని నన్ను పంపించారు. మంచి బోర్డు నాలుగు వందలు. దాని పక్కనే మూడు వందలది ఒకటి నన్ను చూసి నవ్వింది.

"పాపా, దానికి పాయింటు లెక్కలు రావు. ముక్కలూ సగాలూ తెలీదు, అన్నీ నిండు అంకెలే," అన్నాడు అంగడాయన, పాపం నిజాయితీగా.

"చదువు రానిదానికి మూడు వందలా? తగ్గించండి!" అన్నాను.

రెండు వందల నలభైకి దించి, పైన కొసరుగా పిడికెడు స్క్రూలు కూడా లాక్కొచ్చాను. "పన్జేస్తాదా అమ్మా?" అని ముదలాళి అడిగితే, "పరుగెత్తుతుంది సార్!" అన్నాను.

అది పాకడానికే మూడు నెలలు పట్టింది. దశాంశాలన్నిటినీ నిండు అంకెలుగా మార్చి మార్చి, చివరికొక శనివారం పెరంబూరులో రిహార్సలుకు పెట్టెను తీసుకెళ్ళాం. మర్నాడే తొండియార్‌పేటలో రిసెప్షను కచేరీ. అక్కడ బెడిసికొడితే అడ్వాన్సులన్నీ తిరిగిచ్చేయాలి, నేను ఇంటికి పోయి బెల్లం తూచుకోవాలి. పాటక్క (ట్రూపులో పెద్ద గొంతు ఆమెదే) పాడింది. ఎకో బ్రహ్మాండంగా పలికింది. పాట అయిపోయింది. ఎకో మాత్రం అయిపోలేదు. స్పీకర్లలో తుమ్మెద దూరినట్టు ఒకటే రొద.

"ఏం పాపా, నేను నోరు మూసుకున్నా నీ పెట్టె మూసుకోదా?" అంది అక్క.

జబ్బు నాకు అప్పుడే తెలిసింది. ఎకో అంటే వచ్చిన శబ్దాన్ని తగ్గిస్తూ, తగ్గిస్తూ సున్నాకు చేర్చడం. సున్నాకు పైనున్న అంకెలు బుద్ధిగా దిగిపోతున్నాయి. కిందున్నవాటితోనే పేచీ. మైనస్ ఒకటిని సగం చేయమంటే, సగాలు తెలియని మా చవక చిప్పు కిందికి సర్ది మళ్ళీ మైనస్ ఒకటే ఇస్తోంది. ఎన్నిసార్లు అడిగినా అంతే. తెగని బేరం.

సాయంత్రం కొట్టుకు వచ్చి మూటలా కూలబడ్డాను. గల్లాపెట్టె దగ్గర మా అవ్వ ఒకామెకు చింతపండు తూస్తోంది. ఆమె కొసరు అడిగింది, అవ్వ వేసింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ వేసింది. మూడోసారి అడిగేసరికి అవ్వ తక్కెడ పళ్ళెం ఎత్తి దులిపేసింది. "చిన్న రాయి కన్నా తక్కువుండేది తూకం కాదు తల్లీ, దుమ్ము. ఇంక పో."

నేను లేచి నిలబడ్డాను. "అవ్వా, మళ్ళీ చెప్పు!"

"ఏందిమే, నీకూ చింతపండు కావాల్నా?"

ఆదివారం పొద్దున్నే ప్రోగ్రాములో ఒక్క వరుస చేర్చాను: ప్లస్సైనా మైనస్సైనా, ఇంతకన్నా చిన్న అంకె ఏది వచ్చినా సున్నాయే. సాయంత్రం మొదటి పాట ముగిసేటప్పుడు ముదలాళి కరెంటు ప్లగ్గు పట్టుకుని, పీకడానికి సిద్ధంగా నిలబడ్డారు. ఎకో మూడుసార్లు మోగి, బుద్ధిగా ఆగింది. ప్లగ్గు వదిలి ఆయన నుదురు తుడుచుకున్నారు.

కచేరీ తర్వాత అవ్వ దుమ్ము దులిపిన కథ పాటక్కకు గొప్పగా చెప్పాను. ఆమె విని, "అంతా బాగుండాది పాపా. కానీ నా గొంతు కడాన సన్నంగా పోతాది చూడు, ఆడ తలుపేసినట్టు తెగిపోతా ఉండాది. అది గూడా దుమ్మేనా?" అంది. వెళ్ళేముందు కొసరుగా ఆనాటి కచేరీ క్యాసెట్టు ఒకటి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఆ క్యాసెట్టు ఇంకా ఉంది. వింటూ ఈమధ్యే బిల్లు తేల్చాను. బోర్డుల మీద మిగిలింది ఎనిమిది వేలు. అందులో దశాంశాలు మార్చడానికి పట్టిన మూడు నెలల నా జీతం ఆరు వేలు, టీలకూ బస్సులకూ ఆరు వందల యాభై, ఎకో కురచైందని ట్రూపులకు తగ్గించింది పదిహేను వందలు పోయాయి. క్యాసెట్టులో పాటలు పద్దెనిమిది. పాట చివర తెగిపోయింది అర సెకను చొప్పున. నికరంగా నష్టం నూట యాభై రూపాయలు, తొమ్మిది సెకన్లు.