పట్టికలో పడిపోయిన వంతెన

పోయిన నెల బాపట్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీవాళ్లు పిలిస్తే వెళ్లాను. రిటైరైన ఇంజినీర్లను పిలిచి, శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, పది నిమిషాలకే గడియారం చూడటం మొదలుపెట్టడం ఈమధ్య ఒక ఆచారమైంది. నేను ముగించాక వెనక వరుసలో ఒక అమ్మాయి లేచింది. "సార్, మాకు ఈ ఏడాది కథలు, చరిత్ర, వ్యాసాలు రాయడం కూడా పెట్టారండి. బ్రిడ్జిలు కట్టేవాళ్లకి అవన్నీ ఎందుకండి?" అంది. హాలంతా చప్పట్లు. నా ఉపన్యాసానికి పడినవాటికి రెండింతలు. ఏదో పెద్దమనిషి తరహా జవాబు చెప్పి కూర్చున్నాను గానీ, అసలు జవాబు తిరుగు రైల్లో, తెనాలి దగ్గరపడుతుండగా గుర్తుకొచ్చింది.

ఎనభైల నడుమ నేనూ బాపట్లలోనే సివిల్ ఇంజినీరింగ్ చదివాను. మా ఇల్లు రేపల్లె. శనివారం మధ్యాహ్నం ప్యాసింజరెక్కి, తెనాలిలో దిగి, రేపల్లె బండి పట్టుకోవాలి. కానీ నెలలో మూడు వారాలు నేను తెనాలి దాటేవాణ్ణి కాదు. అక్కడ మా మేనత్త ఉండేది. ఒంటరి మనిషి, హైస్కూల్లో తెలుగు టీచరు. ఆవిడ చింతకాయ వేసి వండే చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది. అందుకని నేను మర్నాడూ ఉండిపోయేవాణ్ణి. లెక్కలు రానివాళ్లే తెలుగు టీచర్లవుతారని ఆవిడ ముందే అనేవాణ్ణి. ఆవిడ నవ్వి ఇంకో గరిటె పోసేది.

శనివారం సాయంత్రాలు అత్తయ్య తన వరండాలో కూర్చుని చర్చికి ప్రార్థన చీటీలు రాసేది. ఎవరి కోసం ఏమని ప్రార్థించాలో చీటీ మీద రాసిస్తే, ఆదివారం ఆరాధనలో మా పాస్టరు అయ్యగారు పైకి చదివేవారు. రాయడం రాని కూలి ఆడవాళ్లు పొలాల నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని అత్తయ్య చేత రాయించుకునేవారు. ఒక వర్షాకాలంలో అత్తయ్య కంటికి ఆపరేషనై లోపలి గదిలో పడుకోవాల్సి రావడంతో కలం నా చేతికొచ్చింది. వాళ్లు మొదలుపెడితే ఆపరు. కోడలికి జ్వరమని చెప్పడానికి ఆ కోడలి పుట్టింటి సంగతి, పెళ్లినాడు కురిసిన వాన సంగతి కూడా చెబుతారు. నాకు ఒళ్లు మండిపోయేది. అప్పటికే సర్వే రికార్డుల్లో గీతలు గీసి గీసి అలవాటుపడిన చెయ్యి కదా, చీటీలు పక్కన పెట్టి ఒకే కాగితం మీద పట్టిక గీశాను. వరస సంఖ్య, విషయం, ఎంతమంది. జ్వరాలు నాలుగు. ఉద్యోగాలు రెండు. పిల్లల చదువు అయిదు. అయ్యగారు మొహమాటస్తులు. ఇంజినీరింగ్ చదివే కుర్రాడు చేశాడంటే కొత్త పద్ధతి కాబోలనుకుని అలాగే చదివేశారు. ఆరాధన పావుగంట ముందే అయిపోయింది. నేను తెగ మురిసిపోయాను.

అలా మూడు ఆదివారాలు నడిచింది. మూడో ఆదివారం అత్తయ్య నల్లద్దాలు పెట్టుకుని, ఆపరేషన్ తర్వాత మొదటిసారి చర్చికొచ్చింది. అయ్యగారు పట్టిక చదివి కళ్లు మూసుకోబోతుంటే, ఆడవాళ్ల వైపు నుంచి ఒకావిడ లేచింది. అంగలకుదురు అవతల పొలం పనులకెళ్లే మనిషి. "అయ్యగారూ, నాది చదవలేదండి. మూడు వారాల్నించీ చెబుతున్నానండి" అంది. "పిల్లల చదువు అయిదు అన్నారు కదమ్మా, మీది అందులోనే ఉంది" అన్నాను నేను, కూర్చున్న చోటు నుంచే. ఆమె నా వైపు ఒకసారి చూసి, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుండిపోయింది.

ఇంటికి రాగానే అత్తయ్య అడిగింది, "ఆవిడ నీతో ఏం చెప్పిందిరా?"

"కూతురు బడి మానేసిందట."

"ఎందుకు మానేసింది?"

నాకు గుర్తులేదు. వింటే కదా! అత్తయ్య చెప్పులేసుకుని రిక్షా పిలవమంది.

ఆ తల్లి మమ్మల్ని కాలవ గట్టుకు తీసుకెళ్లి చూపించింది. బడికి వెళ్లే దారిలో కాలవ మీద ఒకే ఒక్క తాటిదుంగ ఉంది, నాచు పట్టి. "ముసురుకి మా పిల్ల జారి కాలవలో పడిపోయింది బాబూ. గడ్డి కోసేవాళ్లు జుట్టు పట్టి లాగబట్టి బతికింది. ఇప్పుడు దుంగ చూస్తేనే వణికిపోద్ది. పట్టుకోడానికి ఏదన్నా ఉంటే ఎల్తానంటది" అంది. నాలుగో తరగతి పిల్ల, వాళ్లమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడింది. అప్పటికి నెల నుంచి ఇంట్లోనే ఉంటోందట.

రిక్షాలో అత్తయ్య ఒకే మాట అంది. "వంతెనలు కట్టే చదువు కదరా నీది. ఒకావిడ మూడు వారాలు ఎదురుగా కూర్చుని నిన్ను వంతెన అడిగింది." ఆ పూట నాకు పులుసు ముద్ద దిగలేదు.

మరుసటి శనివారం చీటీ రాశాను. కాలవ వెడల్పు, దుంగ మందం, గట్టు ఎత్తు అన్నీ పెట్టి అత్తయ్యకు చదివి వినిపించాను. "బానే ఉంది, ఇందులో పిల్లేదీ?" అంది. చింపాను. నాలుగుసార్లు చింపాక, ఆ తల్లి చెప్పింది చెప్పినట్టే రాశాను. మర్నాడు అయ్యగారు అది చదువుతూ, గడ్డి కోసేవాళ్లు పిల్లని జుట్టు పట్టి లాగారన్న చోటికి వచ్చేసరికి దగ్గేవాళ్లు కూడా ఆపేశారు. చీటీలు దేవుడికే అనుకున్నాను గానీ, బెంచీల మీద కూర్చున్నవాళ్లు కూడా వింటారని నాకు అంతవరకూ తట్టనే లేదు. ఆరాధన అయ్యాక మా సంఘంలో వడ్రంగి ఒకాయన నేరుగా ఆ కాలవ పక్క పొలం రైతు దగ్గరికి వెళ్లి, విన్నది విన్నట్టు చెప్పాడట. ఆ రైతు మారుమాట లేకుండా రెండు తాటిచెట్లు కొట్టుకోమన్నాడు.

సోమవారం కాలేజీ ఎగ్గొట్టాను. మంగళవారం సాయంత్రానికి పాతదానితో కలిపి మూడు దుంగలు పక్కపక్కన పడ్డాయి. పట్టుకోడానికి వెదురు గడ నేనే కట్టాను, నా నడుం ఎత్తుకి. ఆ తల్లి కూతుర్ని తెచ్చి నిలబెట్టి, పిల్ల చెయ్యి పైకెత్తి చూపించి, "ఇంకా కిందికి బాబూ" అంది. విప్పి మళ్లీ కట్టాను. బుధవారం పిల్ల బడికి వెళ్లింది. ఆ సంగతి వినగానే నాకు ఏడుపొచ్చింది.

అత్తయ్య తొంభైల చివర్లో పోయింది. ఉద్యోగంలో నేను చాలా వంతెనలు కట్టించాను. ప్రతి రిపోర్టులోనూ ముందు ఆ దారిన నడిచేదెవరో రాసేవాణ్ణి. పైవాళ్లు కొట్టేసేవారు, నేను మళ్లీ రాసేవాణ్ణి. ఇదంతా బాపట్ల అమ్మాయికి చెప్పాల్సింది. ఆ తాటిదుంగలు ఎప్పుడో పుచ్చిపోయి ఉంటాయి. ఆ పిల్ల వయసు, అప్పటి వాళ్లమ్మ వయసును ఏనాడో దాటి ఉంటుంది. నలభై ఏళ్లు గడిచిపోయినా, నేను పట్టిక గీసుకుంటూ మురిసిపోయిన, ఆ పిల్ల ఇంట్లో కూర్చున్న ఆ మూడు వారాలను మాత్రం నేనింకా దాటలేదు.