ఐదో నంబరు చెప్పులు

నేను తెలుగు పంతులమ్మని. బహువ్రీహికీ కర్మధారయానికీ తేడా నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటిదాన్ని, ఏలూరులో డాక్టరుగారు "నొప్పి ఎక్కడమ్మా?" అని అడిగితే నోరు పెగల్లేదు. మడమ కాదు, చీలమండ కాదు, అచ్చంగా వేళ్ళూ కాదు. అరికాలికి ముందువైపు, వేళ్ళు మొదలయ్యే దగ్గర, అడుగు వేస్తే మన బరువంతా మోసే ఆ మెత్తటి చోటు. దానికి నాకు వచ్చిన తెలుగులో పేరు లేదు. చేసేది లేక "అరికాలండీ" అన్నాను. ఆయన మడమకి ఎక్స్‌రే తీయించారు. మడమ దివ్యంగా ఉందని తేలింది. ఆ సంగతి నాకు ముందే తెలుసు.

మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య నిప్పు పెట్టినట్టు మంట. చెప్పులో గులకరాయి పడ్డట్టుండేది. ఆగి, విప్పి, దులిపితే ఏమీ ఉండదు. మా స్కూలు మండవల్లి దగ్గర. ఏలూరు నుంచి కొల్లేరు దాటి బస్సులో వెళ్ళాలి. సీటు దొరకని రోజు కుంటుకుంటూ దిగేదాన్ని. స్టాఫ్ రూములో వైద్యానికి కొదవ లేదు. ఒకావిడ వేడి చేసిందని మజ్జిగ తాగమంది. ఇంకొకావిడ అరికాలికి గోరింటాకు పెట్టించింది. పిల్లల ముందు నేను పెళ్ళికూతురిలా నిలబడి పద్యం చెప్పాను. లెక్కల మాస్టారు ఇది నరాల బలహీనతని తేల్చేసి, ఆ మాట గోడల మీద ఏ రోగానికి రాస్తారో గుర్తొచ్చి, సిగ్గుపడి బయటికి వెళ్ళిపోయారు. ఆదివారం ఇంట్లో ఉంటే మాత్రం నొప్పి తగ్గేది. అదంతా ఆదివారం మహిమ అనుకున్నాను.

ఇక మా ఆయన. ఆకివీడులో చేపల మేత వ్యాపారం. గట్టు మీద నిలబడి నీళ్ళ వంక చూసి, లోపల చేప ఏ సైజుకు వచ్చిందో చెప్పేస్తారు. చుట్టుపక్కల ఏ చెరువులో ఎప్పుడు చేపపిల్ల వేశారో, ఎప్పుడు పట్టుబడికి వస్తుందో అంతా నోటికే. కూతురు ఏ క్లాసు చదువుతోందని అడిగితే మాత్రం నా వంక చూస్తారు. మా పెళ్ళిరోజు ఆయనకి ఇంతవరకూ తెలియదు. నేను కాఫీలో పంచదార మానేశానని చెప్పీ చెప్పీ విసిగి, చివరికి తియ్యటి కాఫీయే తాగేస్తున్నాను.

అలాంటి మనిషి, నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు బెజవాడ నుంచి చెప్పులు తెచ్చారు. తేనెరంగు తోలు, ముందు మూసేసి కొనదేరి ఉన్నాయి, వెనక కాస్త ఎత్తు. సైజు ఎవర్ని అడిగారండీ అన్నాను. "అడగడమేంటి? నీది ఐదో నంబరు. పెళ్ళికి నేనే కదా కొన్నాను" అన్నారు. నిజమే, అప్పుడు ఐదే. ఆ తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. బ్లాక్‌బోర్డు ముందు ఇన్నేళ్ళ ఉద్యోగమంతా నిలబడ్డాను. కాళ్ళు కాస్త విశాల హృదయం అలవరచుకున్నాయి. వేసుకోగానే బిగుతని తెలిసింది. కానీ ఆయన ముఖం చూశాక నోరు రాలేదు. తోలు కదా, సాగుతుందిలే అనుకున్నాను. తోలు సాగలేదు.

మనకి దేవుడి ముందుకీ డాక్టరు ముందుకీ చెప్పులతో వెళ్ళే అలవాటు లేదు. ఏ ఆసుపత్రి గుమ్మం దగ్గర చూసినా 'పాదరక్షలు బయట విడువవలెను' అని బోర్డు. బోర్డు లేకపోయినా మనమే విడిచేస్తాం. ఏలూరులో మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడెవరిదో కొత్త చెప్పుల జత పోయింది. దాంతో మా ఆయనకి బెంగ పట్టుకుంది. నేను లోపల, ఆయన బయట బెంచీ మీద, ఆయన కాళ్ళ దగ్గర నా చెప్పులు. ఫోనులో మేత బస్తాల సంగతి మాట్లాడుతూనే ఒక కన్ను వాటి మీద వేసి ఉంచేవారు. నన్ను పరీక్షించిన డాక్టర్లెవరూ వాటి మొహం చూడలేదు. దొంగని సావిట్లో కూర్చోబెట్టి కాపలా కాస్తూ ఊరంతా వెతికించడమంటే ఇదే.

చివరికి మా అక్క పోరు పడలేక తాడేపల్లిగూడెం వెళ్ళాం. అక్కడి డాక్టరుగారు నా మాట వినకుండా నా పాదాన్నే అడిగారు. రెండు పక్కలా పట్టుకుని నొక్కేసరికి ప్రాణం పోయినంత పనైంది. స్కానింగు తీసి, వేళ్ళ మధ్య నరం చుట్టూ కండ పెరిగి ఉబ్బిందన్నారు. ఇంజక్షను చేశారు. కొన్నాళ్ళు హాయిగా నడిచాను, ఆ చెప్పుల్లోనే. మళ్ళీ మొదలైంది. రెండో ఇంజక్షను కూడా అంతే. ఇక కోసి ఆ నరం ముక్క తీసేయడమేనన్నారు. నొప్పి పోతుందట, దాంతో పాటు ఆ రెండు వేళ్ళ మధ్య స్పర్శ కూడా పోతుందట, ఇక తిరిగి రాదట.

నాకు భయం వేసింది. మంట పెట్టే నరమే అయినా అది నాది. తడి గట్టు మీద ఒట్టి కాళ్ళతో నడిస్తే వేళ్ళ సందుల్లోంచి బురద చల్లగా పైకి వస్తుందే, అది ఇక ఆ చోట నాకు తెలియదు. ఇంట్లో చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఆపరేషనుకు ఒప్పుకున్నాను.

సంతకాలు పెట్టడానికి వెళ్ళిన రోజు వాన. వరండా అంతా జల్లు. చెప్పులు తడిసిపోతాయని మా ఆయన వాటిని మేత కంపెనీ కవరులో పెట్టుకుని, సంతకం కోసం నాతో లోపలికి వచ్చారు. కవరు మీద ఇంత బొచ్చె చేప బొమ్మ. ఆకివీడు మనిషి, చేతిలో చేప కవరు. డాక్టరుగారి ముఖం విప్పారింది. "అయ్యో, ఎందుకండీ మీకీ శ్రమ" అంటూ చేయి చాపి అందుకున్నారు. ఆపే వ్యవధి లేకపోయింది. డాక్టరుగారు కవరు తెరిచి, చూసి, ఒక చెప్పు బయటికి తీశారు.

తర్వాత చేప గురించి అడగలేదు. "ఇవి ఎవరు వేసుకుంటారు?" అన్నారు. రోజూ నేనేనన్నాను. తెల్లకాగితం నేల మీద వేసి నన్ను నిలబడమని, పాదం చుట్టూ పెన్నుతో గీశారు. ఆ గీత మీద చెప్పు పెట్టారు. నా కాలు రెండు పక్కలా బయటికి పొంగి కనబడింది. కోత సంగతి తర్వాత చూద్దామని, ముందుగా వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉన్న చెప్పులు వేసి, లోపల మెత్త పెట్టి కొన్ని నెలలు నడవమన్నారు.

చెరువులో చేపలు పెరుగుతాయని తెలిసిన మనిషికి, పెళ్ళాం కాలు పెరుగుతుందని తోచనే లేదు. మా ఆయన ఆ కాగితం వంకే చూస్తున్నారు. బయటికి వచ్చాక, వరండాలో మెల్లగా అన్నారు.

"బిగుతని ఒక్క మాట చెప్పొచ్చు కదే?"

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"నా గురించి మీకు గుర్తున్నది అదొక్కటే కదండీ. అది కూడా తప్పని ఎలా చెప్పమంటారు?"

ఆ జత కవరులోనే ఉంది. ఒట్టి కాళ్ళతో వాన నీళ్ళలో నడిచి దగ్గర్లోని చెప్పుల షాపుకి వెళ్ళాం. నీళ్ళు వేళ్ళ సందుల్లోకి చల్లగా వచ్చాయి. షాపులో ఆయన జేబులోంచి ఆ కాగితం తీసి, మడతలు విప్పి, షాపతని ముందు పరిచారు.

"కాలు పక్కనే ఉంది కదండీ, ఇంకా కాగితమెందుకు?" అన్నాను.

"ఉండనీ. నా జ్ఞాపకం మీద నాకు నమ్మకం పోయింది" అన్నారు, తలెత్తకుండా.