శౌరమ్మ చేసిన అరటిపండు దయ్యాలు

బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిన ఏడాది దీపావళి, హాలోవీన్ ఒకే రోజున వచ్చాయి. దాంతో మొగల్రాజపురంలో ఒక అపార్ట్‌మెంటు పిల్లలంతా లిఫ్టు దగ్గర మీటింగు పెట్టుకుని హాలోవీన్‌ని ఒక రోజు ముందుకి జరిపేశారు. ముప్పయ్యో తారీకు బుధవారం సాయంత్రం ఆరు గంటలకి వేషాలు వేసుకుని ప్రతి ఫ్లాటు తలుపూ తట్టాలి. ప్రతి ఇంట్లోనూ చూస్తే భయమేసే తినుబండారం ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి. కొన్నవి చెల్లవు, ఇంట్లో చేసినవే పెట్టాలి. ఈ ఆఖరి షరతు పెట్టింది మూడో అంతస్తులో ఉండే హర్షవర్ధన్. తొమ్మిదేళ్ళ పిల్లాడు. వాడికి అంత ధీమా ఎక్కడిదంటే, వాళ్ళింట్లో శౌరమ్మ ఉంది.

శౌరమ్మ ఆ ఇంట్లో వంట చేస్తుంది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఒక కాన్వెంటు హాస్టల్లో రెండొందల మంది ఆడపిల్లలకి వండింది. సిస్టర్ల దగ్గర కేకు కాల్చడం నేర్చుకుంది. క్రిస్మస్ వస్తే గులాబీ పువ్వుల పిండివంట డబ్బాలకి డబ్బాలు చేసేది. ఆమె ఉప్పుని చేత్తో వేస్తుంది, చెంచాతో కొలవదు. హాస్టలు మూతపడ్డాక, బ్యాంకులో ఆఫీసరుగా పనిచేసే ఉషశ్రీ ఇంట్లో కుదురుకుంది. హర్ష చెల్లెలు చిన్ని అప్పటికింకా పాకే పిల్ల. ఇప్పుడు ఐదేళ్ళది. పిల్లలిద్దరూ ఆమెని మామ్మా అంటారు.

ఆమె భర్త ఇన్నయ్య ఒక సప్లై కంపెనీలో లైటింగు పనివాడు. పెళ్ళి పందిళ్ళకి, చర్చి పండగలకి సీరియల్ బల్బులు కట్టేవాడు. పిల్లల్లేరు. సింగ్ నగర్లో రెండు గదుల రేకుల ఇంట్లో ఉండేవాళ్ళు. సెప్టెంబరు ఒకటో తారీకు ఆదివారం తెల్లవారేసరికి ఆ ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి, చర్చిలో పూజకని ఇస్త్రీ చేసి పెట్టుకున్న చీర ఆమె కట్టుకునేలోపే అవి నడుం దాకా లేచాయి. పక్క మేడ వాళ్ళు పిలిస్తే డాబా ఎక్కి, అక్కడే ఐదు రోజులు ఉన్నారు. కరెంటు లేదు. నాలుగో రోజు వీధి చివర పడవలో పాల పాకెట్లు పంచుతున్నారని విని ఇన్నయ్య ఛాతీలోతు నీళ్ళలో దిగి వెళ్ళాడు. పాలు తెచ్చాడు గాని, నీళ్ళ అడుగున ఏదో రేకు ముక్క కాలు కోసింది. నీళ్ళు తీశాక జ్వరం వచ్చింది. కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రిలో ఐదు రోజులున్నాడు, పద్దెనిమిదో తారీకున పోయాడు.

అతని సొంతూరు కంకిపాడు దాటాక ఒక చిన్న పల్లె. అక్కడి సమాధుల దొడ్డిలోనే పెట్టారు. శౌరమ్మ ఏడవలేదు. “దాన్ని ఏడిపించండే, లేకపోతే గుండె పట్టేస్తుంది,” అని ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఇన్నయ్య మంచితనమంతా వరసపెట్టి చెప్పారు. ఆమె అన్నిటికీ తల ఊపింది. వచ్చినవాళ్ళకి టీలు చాలుతాయో లేదో చూసి, పాలు తక్కువైతే తనే పొయ్యి దగ్గరికి వెళ్ళి నీళ్ళు కలిపింది. ఒక కాలు మీదే ఎక్కువసేపు కూర్చుంటే తిమ్మిరెక్కి, అది మన కాలో కాదో తెలియకుండా పోతుంది చూడండి, ఆమెకి ఒళ్ళంతా అలా ఉంది. కాలికైతే కాసేపటికి సూదులు పొడిచినట్టయి ప్రాణం వస్తుంది. ఆమెకి అదీ రాలేదు.

సింగ్ నగర్ ఇంట్లో బురద ఎత్తిపోసినా గోడలు ఆరలేదు. ఉషశ్రీ తన ఫ్లాటులో వంటింటి పక్క గది ఖాళీ చేసి, “ఇక్కడే ఉండండి, ఎన్నాళ్ళైనా,” అంది. శౌరమ్మ రెండు చీరలు, ఒక జపమాలతో వచ్చి ఆ గదిలో చేరింది. నలభయ్యో రోజు పూజ కూడా అయిపోయింది. రోజూ పొద్దున్నే ఇడ్లీ, మధ్యాహ్నం పప్పు, ఒక కూర, పిల్లలకి టిఫిన్ డబ్బాలు. ఏ పనీ తప్పలేదు.

ఆ బుధవారం పొద్దున ఉషశ్రీ ఆఫీసుకి తయారై వంటింట్లోకి వచ్చింది.

“శౌరమ్మగారూ, సాయంత్రం సంగతి పిల్లలు చెప్పారా?”

“చెప్పారండి. అరటిపళ్ళు, కొబ్బరికాయలు తెప్పించమన్నాడు హర్షబాబు.”

“అది కాదండీ. మనింట్లో వద్దని వాడికి చెప్పేద్దామనుకుంటున్నాను. దయ్యాలూ, శవాలూ... మీకిప్పుడు ఇవన్నీ ఏం బాగుంటాయి? చాక్లెట్లు కొనుక్కొచ్చి పంచేస్తాను.”

“కొన్నవి చెల్లవంటండి.”

ఉషశ్రీ ఆమె మొహంలోకి చూసింది. “మీకేమీ అనిపించట్లేదా?”

శౌరమ్మ ఉన్నమాటే చెప్పింది. “ఏమీ అనిపించట్లేదండి.”

ఉషశ్రీ బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. బ్యాంకు నుంచి పదకొండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి ఫోను చేసి, అన్నం తిన్నారా అని అడిగింది. శౌరమ్మ రెండుసార్లూ తిన్నానండి అంది.

పిల్లలు బడి నుంచి మూడున్నరకి వచ్చారు. యూనిఫారం కూడా విప్పకుండా హర్ష తల్లి పాత ట్యాబు తెచ్చి గట్టు మీద నిలబెట్టాడు. అందులో ఎవరో తెల్లావిడ నవ్వుతూ ఏవేవో చేస్తోంది. శౌరమ్మ ఒక్కసారి చూసి, “తీసెయ్, నూనె పడుద్ది. నాకర్థమైంది,” అంది.

ముందు అరటిపండు దయ్యాలు. చక్రకేళి పళ్ళు ఒలిచి అడ్డంగా సగానికి కోస్తే ఒక్కో పండుకి రెండు దయ్యాలు. కోసిన వైపు కింద పెడితే పళ్ళెంలో నిటారుగా నిలబడతాయి. నల్లబడకుండా పైన నిమ్మరసం రాసి, ఎండుకొబ్బరి పొడిలో దొర్లించింది. కళ్ళకి రెండు, నోటికి ఒకటి చాకో చిప్స్ గుచ్చే పని చిన్నిది. చిన్ని నాలుక బయటపెట్టి, ఒంటి కన్నుతో గురిచూసి గుచ్చింది. ఒక దయ్యానికి మూడు కళ్ళు పెట్టింది. ఇంకో దానికి కన్ను పెట్టాల్సిన చాకో చిప్ తినేసింది.

“దీనికి ఒక కన్నేంటి?” అన్నాడు హర్ష.

“దానికి కన్ను పోయింది.”

“దయ్యాలకి కళ్ళు పోవు.”

“పోతాయి. దీనికి పోయింది.”

శౌరమ్మ ఈలోపు కొబ్బరి తురిమి, పంచదార పాకంలో వేసి లౌజు చేసింది. వేడి మీదే చేతికి నెయ్యి రాసుకుని తెల్లటి ఉండలు చుట్టింది. ఒక్కో ఉండ మధ్యలో హర్ష రంగు బిళ్ళ ఒకటి నొక్కి, దాని మీద చాకో చిప్ అతికించాడు. పళ్ళెం నిండేసరికి ముప్పై కనుగుడ్లు రెప్ప వెయ్యకుండా ఆమె వైపే చూస్తున్నాయి. హర్ష వెనక్కి తగ్గి చూసుకుని, “సూపరుగా ఉన్నాయి మామ్మా, నిజంగా భయమేస్తోంది,” అన్నాడు. ఆమె “ఊ” అంది. అవి ఆమె కంటికి కొబ్బరి లౌజు ఉండల్లానే కనిపించాయి.

“ఇప్పుడు మమ్మీలు,” అన్నాడు హర్ష.

“మమ్మీ ఆఫీసులో ఉందిగా,” అంది చిన్ని.

“ఆ మమ్మీ కాదే. ఈజిప్టులో చచ్చిపోయినవాళ్ళకి ఒంటినిండా గుడ్డ చుడతారు. అలా చుట్టినవాళ్ళని మమ్మీలంటారు. మా సోషల్ బుక్కులో ఉంది.”

పొడుగ్గా కోసిన పనీర్ ముక్కలకి మైదాపిండి పట్టీలు చుట్టి నూనెలో వేయించాలి. శౌరమ్మ చపాతీలా ఒత్తి, చాకుతో సన్నటి పట్టీలు కోసింది. మొదటి ముక్క తీసుకుని కింది నుంచి చుట్టుకుంటూ పైకి వచ్చింది. పట్టీ మీద పట్టీ, కొద్దిగా ఏటవాలుగా, ఎక్కడా సందు లేకుండా. పైదాకా వచ్చి కొస నొక్కేసింది.

“ముఖం మూసెయ్యకూడదు మామ్మా. కళ్ళు కనపడాలి,” అన్నాడు హర్ష. ఆమె పైన రెండు చుట్లు విప్పి, సందు వదిలి మళ్ళీ చుట్టింది. హర్ష ఆ సందులో రెండు ఆవగింజలు గుచ్చాడు.

ఆసుపత్రిలో ఇన్నయ్యని కూడా అలానే చుట్టి ఇచ్చారు. కుర్రవాడొకడు వచ్చి, చూస్తారా అమ్మా అని అడిగి ముఖం మీద గుడ్డ తొలగించాడు. ఆమె చూసింది. గడ్డం మాసి ఉంది, గీయించాల్సింది అనుకుంది. అంతకుమించి ఏమీ అనుకోలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. చేతులు మాత్రం ఆగలేదు. మూడోది, నాలుగోది చుట్టింది.

చిన్ని గట్టు మీదకి ఎక్కి కూర్చుని పిండి ముక్కతో ఆడుకుంటోంది. ఉన్నట్టుండి అడిగింది.

“మామ్మా, తాతయ్య దయ్యమైపోయాడా?”

అప్పుడే తలుపు తీసుకుని లోపలికి వచ్చిన ఉషశ్రీ ఆ మాట విని వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. “చిన్నీ,” అని గద్దించింది. హర్ష చెల్లెలి కాలు గిల్లాడు. ముగ్గురూ శౌరమ్మ వైపు చూశారు. ఆమె చేతిలో ఉన్న దానికి కొస నొక్కి పళ్ళెంలో పెట్టింది.

“లేదమ్మా. ఆయనకి చీకటంటే భయం. దయ్యం పనికి కుదరడు.”

“తాతయ్యకా? అంత పెద్దాయనకా?”

“ఊ. ఊరంతటికీ లైట్లు కట్టేవాడు గాని, ఇంట్లో జీరో బల్బు లేకపోతే నిద్ర పట్టేది కాదు. బాత్రూముకి వెళ్ళాలన్నా నన్ను లేపేవాడు. నేను బయట నిలబడి దగ్గుతుండాలి. దగ్గు ఆపితే, ఉన్నావా శౌరీ అని అడిగేవాడు.”

చిన్ని పకపకా నవ్వింది. హర్ష నవ్వొచ్చో లేదో తెలియక తల్లి వైపు చూశాడు.

“డాబా మీద ఉన్నప్పుడు కరెంటు లేదుగా మరి?” అన్నాడు చివరికి.

“లేదు. ఐదు రోజులూ నా కొంగు పట్టుకుని పడుకున్నాడు.”

చెప్పాక, ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని ఆమెకి తట్టింది. చుట్టూ చేరి ఏడిపించబోయిన ఆడవాళ్ళలో ఒక్కరూ ఇది అడగలేదు. అడిగినా చెప్పేది కాదేమో. ఉషశ్రీ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. శౌరమ్మ కళ్ళు పొడిగానే ఉన్నాయి. నూనె కాగింది. మమ్మీలని నాలుగేసి చొప్పున బాండీలోకి వదిలింది. పట్టీలు ఊడకుండా మంట తగ్గించి, దోరగా వేగాక తీసింది.

ఆరింటికి తలుపు తట్టడం మొదలైంది. చీర కప్పుకున్నవాళ్ళు, పౌడరు పూసుకున్నవాళ్ళు, అట్టపెట్టెలో తల దూర్చినవాడు ఒకడు. రెండో అంతస్తు హబీబ్, వాళ్ళక్క ఒకే నల్ల దుప్పట్లో దూరి నాలుగు కాళ్ళతో వచ్చారు. చిన్ని దయ్యాల పళ్ళెం మోసింది. ఒంటి కన్ను దయ్యాన్ని మాత్రం ఎవ్వరికీ ఇవ్వలేదు. అరగంటలో అన్నీ అయిపోయాయి. శౌరమ్మ గట్టు కడిగి, మిగిలిన పిండిని రెండు చపాతీలు చేసి, ఉషశ్రీకి వడ్డించింది.

మర్నాడు దీపావళి. ఆ తర్వాత శనివారం, నవంబరు రెండు, సమాధుల పండగ. ఆ రోజు కథోలిక్కులంతా తమవాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళి, శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. శౌరమ్మ తొలి బస్సుకి కంకిపాడు వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటో ఎక్కింది. మరిది బాలశౌరి పారతో ఎదురొచ్చాడు.

ఇన్నయ్య సమాధికి సిమెంటు ఇంకా కట్టించలేదు. అక్టోబరు వానలకి మట్టి కుంగిపోయి, నడుమ నీళ్ళు నిలిచే గుంటలా తయారైంది. దాని మీద తుంగ మొలిచింది. ఇద్దరూ గట్టు మీద నుంచి మట్టి తెచ్చిపోశారు. బాలశౌరి పారతో పోస్తుంటే ఆమె వంగి చేత్తో సర్దింది, తడి చేసి అరచేత్తో మెత్తింది. ఎత్తు సమంగా వచ్చాక బంతిపూలు పరిచింది.

ఫాదర్ గారు వచ్చి మంత్రజలం చల్లి, ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు కాగితం చూసి చదవడం మొదలుపెట్టారు. కొత్తగా ఆ ఊరి చర్చికి వచ్చిన చిన్న వయసు ఆయన. జనం కొవ్వొత్తులకి చేతులు అడ్డం పెట్టుకుని వింటున్నారు. ఏడో పేరో, ఎనిమిదో పేరో.

“మద్దాల చిన్నయ్య, అరవై ఎనిమిది సంవత్సరాలు.”

ఆయన తర్వాతి పేరుకి వెళ్ళబోతున్నారు.

“కాదు ఫాదర్ గారూ.”

అందరూ తిరిగి చూశారు. బాలశౌరి “వదినా, పోనీలే, తర్వాత చెబుదాం,” అని గొణిగాడు. శౌరమ్మ రెండడుగులు ముందుకేసింది. చేతులకి మోచేతుల దాకా మట్టి.

“చిన్నయ్య కాదండి. ఇన్నయ్య. మద్దాల ఇన్నయ్య. యాభై ఎనిమిదేళ్ళు.” ఆమె గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. “మళ్ళీ చదవండి.”

ఫాదర్ గారు జేబులోంచి కలం తీసి, కాగితం మీద దిద్దుకుని, మళ్ళీ చదివారు. ఆమె పూర్తిగా విని, వెనక్కి వచ్చి నిలబడింది. బాలశౌరి చేతిలో కొవ్వొత్తి తను తీసుకుంది. ప్రార్థన అయ్యేదాకా దానికి అడ్డం పెట్టిన చెయ్యి తియ్యలేదు.

పన్నెండున్నరకి మొగల్రాజపురం చేరింది. చిన్ని తలుపు తీసింది.

“మామ్మా, తాతయ్య బాగున్నాడా?”

“మట్టి కుంగిందమ్మా. ఎత్తు చేసొచ్చాం.”

“ఓహో,” అంది చిన్ని.

శౌరమ్మ పంపు కింద చేతులు కడుక్కుంది. గోళ్ళలో మట్టి ఒక పట్టాన వదల్లేదు. కొబ్బరి పీచు తీసుకుని ఒక్కో వేలూ తోముకుని, బియ్యం కడిగి పొయ్యి మీద పడేసింది.