వెనక్కి తిప్పని చేపపిల్లలు

అమెరికా వచ్చిన కొత్తలో కారు గుద్దిన వాళ్ళున్నారు. పోపు పెట్టి ఫైర్ అలారం మోగించి, అపార్ట్‌మెంట్ జనాన్నంతా పైజమాలతో రోడ్డెక్కించిన వాళ్ళున్నారు. ఇప్పుడు మేముండే కాపెల్ ఊళ్ళో మా చర్చి భోజనాల దగ్గర తలా ఒక కథ చెప్పుకుని నవ్వుతుంటే నేను మాత్రం నోరు విప్పను. నేను చేసిన దానిముందు అవన్నీ పిల్లచేష్టలు. మూడు వారాలపాటు, ఒళ్ళు దాచుకోకుండా, ఒక వాగులో లేని చేపల్ని లక్షల్లో పుట్టించాను. ప్రభువు సైతం అద్భుతం చేయడానికి రెండు చేపలు చేతిలోకి తీసుకున్నాడు. నాకు ఒక్క సున్నా సరిపోయింది.

అది ఎనభై మూడు. వాషింగ్టన్ రాష్ట్రంలో, ఎప్పుడూ వాన కురిసే ఒక మూల ఉండేవాళ్ళం. మా ఆయన ప్రభాకర్ వంతెనల ఇంజనీరు. నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, గోడలతో మాట్లాడుతూ కూర్చున్నాను. "గోడలు కూడా బోరు కొడుతున్నాయంటున్నాయి, ఈ జాబ్‌కి అప్లై చెయ్యి" అని ఆయనే పేపర్లో ప్రకటన చూపించారు. సాల్మన్ చేపపిల్లల్ని లెక్కపెట్టే ఉద్యోగం, మార్చి నుంచి జూన్ దాకా. ఏడుపు ముఖంతోనే చేరాను. ఫిబ్రవరిలో మా నానమ్మ పోయింది. కబురు ఉత్తరంలో నన్ను చేరేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయి ఉంటుంది.

నానమ్మ గురించి ఒక మాట చెప్పాలి. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. శకునాలు చూడటం పాపమని తాతయ్య ఆదివారం ప్రసంగించేవాడు. సోమవారం ఊరికి బయల్దేరి, కళ్ళజోడు మర్చిపోయి ఆయన వెనక్కి వస్తే, నానమ్మ కుర్చీ వేసి కూర్చోబెట్టి, గ్లాసుడు నీళ్ళు తాగించి గానీ మళ్ళీ గడప దాటనిచ్చేది కాదు. "బయల్దేరినవాళ్ళు వెనక్కి తిరగకూడదు. తిరిగితే కూర్చోవాలి" అనేది. బతికున్నన్నాళ్ళూ నేను ఆవిడని వెక్కిరించాను. పోయాక ఆవిడన్న ప్రతి మాటా నాకు బైబిలు వాక్యమైపోయింది.

మా బాసు పేరు హెరాల్డ్. అరవై దాటిన మనిషి. పదకొండేళ్ళుగా ఒక్కడే ఆ వాగులో చేపల్ని లెక్కపెడుతున్నాడు. పని చెప్పుకోవడానికి సులువే. వాగుకి అడ్డంగా ఒక తడిక, దాని మధ్యలో ఒక పెట్టె. సముద్రానికి వెళ్ళే చేపపిల్లలు కొన్ని ఆ పెట్టెలో పడతాయి. పొద్దున్నే వాటిని లెక్కపెట్టి, పెట్టెకి దిగువన వదిలెయ్యాలి. ఒక్క యాభైని మాత్రం మత్తుమందు కలిపిన బకెట్లో వేసి, తోక కొస రవ్వంత కత్తిరించి, అవి తేరుకున్నాక అరమైలు వాగు ఎగువకి మోసుకెళ్ళి వదలాలి.

ఆ యాభైని ఎగువకి ఎందుకు మోయాలో హెరాల్డ్ మొదటిరోజే రేకుల షెడ్డులో పెన్సిలు పట్టుకుని పది నిమిషాలు చెప్పాడు. పైన రేకుల మీద వాన, కింద ఆయన యాస. పదింట రెండు మాటలు అందాయి. అర్థం కాలేదని పెద్దాయనతో అనడం మర్యాద కాదని తల ఊపాను. నిలువుగానూ కాదు, అడ్డంగానూ కాదు, మనం ఊపుతామే, అలా. ఆయన దాన్ని అంగీకారం కింద జమకట్టుకున్నాడు. తోక కోసిన గుర్తు, అవి పెద్దయి సముద్రం నుంచి తిరిగొచ్చినప్పుడు పోల్చుకోవడానికని నేను ఊహించుకున్నాను. జువాలజీలో ఫస్ట్ క్లాస్ మరి.

ఒక్క సంగతి మాత్రం బాగా అర్థమైంది. వాగు ఒడ్డున పెద్ద చెట్లు కొట్టాలో వద్దో ఈ ఏటి లెక్క చూసి ఆఫీసు తేలుస్తుంది.

"చేపలు తగ్గిపోతున్నాయి, సుగూనా" అన్నాడు హెరాల్డ్. నా పేరు సుగుణ. "చెట్లు పోతే నీడ పోతుంది, ఒడ్డు మట్టి వాగులోకి జారుతుంది. అప్పుడివి అసలే మిగలవు. తగ్గాయని లెక్క చూపిస్తే గొడ్డలి ఆగుతుంది. లేకపోతే నా పదకొండేళ్ళూ నీళ్ళపాలే."

మే నెల మొదట్లో ఆయన భార్య మార్గరెట్‌ని హాస్పిటల్లో చేర్చారు.

"మూడు వారాలు పట్టొచ్చు. నువ్వు చూసుకోగలవా?" అన్నాడు.

తల ఊపాను. ఆయన ట్రక్కు స్టార్ట్ చేసి, పది గజాలు వెళ్ళి, థర్మాస్ మర్చిపోయానని దిగి వెనక్కి వచ్చాడు.

"హెరాల్డ్, ఒక్క నిమిషం కూర్చోండి."

"దేనికి?"

"కాస్త నీళ్ళు తాగి వెళ్ళండి."

ఆయన వానకేసి, వాగుకేసి చూశాడు. "ఇక్కడ నీళ్ళకేం కరువు లేదులే" అని వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున పెట్టె తెరిస్తే, తోక కొస కత్తిరించిన పిల్ల ఒకటి చచ్చి తేలుతోంది. ముందురోజు నేను నా చేతులతో ఎగువకి మోసిన పిల్లే. అరచేతిలో వేలెడు పొడుగుంది. దాన్ని పట్టుకుని వానలో నిలబడి ఏడ్చాను, అది చేప కోసమో ఎవరి కోసమో అడక్కండి. సముద్రానికని బయల్దేరిన పసివాళ్ళని పట్టుకుని, మత్తిచ్చి, తోక కోసి, అరమైలు వెనక్కి మోసుకెళ్తే క్షేమంగా ఎలా చేరతారు? కూర్చోబెడదామంటే కూర్చోవు. నీళ్ళు తాగిద్దామంటే నీళ్ళలోనే ఉన్నాయి. చేపపిల్లకి ఈత నేర్పక్కర్లేదంటారు. సరే, ఈత నేర్పలేదు. ప్రయాణ నియమాలు నేర్పడానికి పూనుకున్నాను.

ఆ రోజు నుంచి యాభైనీ పెట్టెకి దిగువనే, సముద్రం వైపు వదిలాను. పొండి అనకూడదు కాబట్టి "వెళ్ళి రండి" అనేదాన్ని. సాల్మన్ చేపకి అంతకంటే సరైన వీడ్కోలు లేదని నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. పుస్తకంలో రోజూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేదాన్ని: గుర్తుపెట్టి వదిలినవి యాభై, మళ్ళీ పెట్టెలో పడినవి సున్నా. ఒక్కటీ వెనక్కి రాలేదు, అన్నీ క్షేమం.

రాత్రి భోజనం దగ్గర మా ఆయనకి చెప్పాను.

"మీ ఇంట్లో శకునాలు చూడరుగా?" అన్నారు.

"మేం చూడం. నానమ్మ చూసేది."

"మీ బాస్‌ని అడిగే మార్చావా?"

"భార్య హాస్పిటల్లో ఉన్నాయనకి చేపల గురించి ఫోన్ చెయ్యమంటారా, ఏమండీ?"

"చెయ్యొద్దులే. చారు వెయ్యి" అన్నారు. ఇంజనీర్లకి వంతెన కూలేదాకా అనుమానం రాదు.

ప్రతి శుక్రవారం ఆఫీసుకి ఫోన్ చేసి అంకెలు చదవాలి. అవతల గుమాస్తా "సున్నానా? ఖాయమేనా?" అని అడిగేవాడు. "ఖాయం" అని గర్వంగా చెప్పేదాన్ని. మూడో శుక్రవారం అతను నన్ను అభినందించాడు కూడా.

ఆ తర్వాతి సోమవారం హెరాల్డ్ వచ్చాడు. ఒక్క మాటే చెప్పాడు.

"మార్గరెట్ గురువారం పోయింది."

టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయన జేబులోంచి ఒక ఉత్తరం తీశాడు.

"ఇంటికి వెళ్తే ఇది ఉంది. ఈ వాగు చేపలతో కిటకిటలాడుతోందట. చెట్లు కొట్టడానికి అభ్యంతరం లేదట. పుస్తకం ఇలా ఇవ్వు." ఒక్కొక్క పేజీ తిప్పాడు. "యాభైని ఎక్కడ వదిలావు?"

"కింద."

"ఏ కింద?"

"పెట్టె కింద. సముద్రం వైపు."

హెరాల్డ్ బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాడు. తర్వాత చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"ఎగువన వదిలిన యాభైలో పది మళ్ళీ పెట్టెలో పడ్డాయనుకో. అంటే పెట్టె ఐదింట ఒకదాన్ని పట్టుకుంటోంది. పెట్టెలో వంద దొరికితే వాగులో ఐదొందలున్నట్టు. యాభైలో ఒక్కటీ పడకపోతే?"

"పెట్టెకి చేపలు చిక్కడం లేదని."

"చిక్కకుండానే రోజూ రెండొందలు పడుతున్నాయి. అయితే వాగులో ఎన్నున్నట్టు?"

అప్పుడు తెలిసింది నాకు, నా సున్నాలు ఏం చేశాయో.

"ఎందుకు చేశావు?" అన్నాడు.

చెప్పాను. నానమ్మ, కుర్చీ, గ్లాసుడు నీళ్ళు, అన్నీ. కసిరినా బావుండేది. ఆయన వాగుకేసి చూస్తూ, "ఆఫీసుకి వచ్చి నువ్వే చెప్పు. నాకు మాట్లాడే ఓపిక లేదు" అన్నాడు.

పెద్ద బల్ల, ఆరుగురు మగవాళ్ళు. బల్ల కొసన హెరాల్డ్. నేను నిలబడి, ప్రయాణంలో ఉన్నవాళ్ళని వెనక్కి తిప్పడం మా ఇంట అరిష్టం కాబట్టి చేపల్ని తిప్పలేదని విన్నవించుకున్నాను.

"అయితే ఇది మీ మతాచారమా?" అన్నాడు ఒకాయన, ఎంతో గౌరవంగా.

"కాదండీ. మా మతం ఒప్పుకోదు. మా నానమ్మ."

ఒకాయనకి దగ్గొచ్చింది. ఇంకొకాయన కాగితం మీద ఏదో రాశాడు. మెడ సాచి చూశాను: సాంకేతిక కారణాలు. మా నానమ్మ ప్రభుత్వ రికార్డులోకి అలా ఎక్కింది.

మూడు వారాల లెక్క కొట్టేశారు. మిగిలిన లెక్క చాలదని చెట్ల సంగతి ఏడాది వాయిదా వేశారు. చూశారా, మంచే జరిగిందని లేవకండి. మరుసటేడు హెరాల్డ్ సరైన లెక్క చూపించాడు, తక్కువే వచ్చింది. అయినా ఒక్క ఒడ్డున చెట్లే మిగిలాయి. రెండో ఒడ్డు నున్నగా గొరిగేశారు.

మా సీజన్ ఆఖరి రోజు సంగతి చెప్పి ముగిస్తాను. జూన్ చివర, అప్పుడూ వానే. మా ఆయన కారు తెచ్చారు. హెరాల్డ్‌కి సెలవు చెప్పి ఎక్కాను. కారు కదిలాక, రెయిన్‌కోటు షెడ్డులోనే ఉండిపోయిందని గుర్తొచ్చి ఆపించి, దిగి, పరుగెత్తాను. కోటు తీసుకుని తిరిగేసరికి హెరాల్డ్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. కాలితో బకెట్ బోర్లించాడు.

"కూర్చో."

కూర్చున్నాను. థర్మాస్ మూతలో నీళ్ళు పోసి ఇచ్చాడు.

"ఆ రోజు నువ్వు కూర్చోమన్నావు. నేను కూర్చోలేదు."

నాకు భయమేసింది. "దానికీ దీనికీ సంబంధం లేదు, హెరాల్డ్. అదంతా మూఢనమ్మకం. మా తాతయ్య దాని మీద ప్రసంగాలే చెప్పేవాడు."

"తెలుసు" అన్నాడు. "తాగు."

తాగాను. ఆయన పక్కన ఇంకో బకెట్ మీద కూర్చున్నాడు. బయట మా ఆయన రెండుసార్లు హారన్ కొట్టారు. మూత ఖాళీ అయ్యేదాకా ఇద్దరం లేవలేదు.

కాబట్టి, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అర్థం కానిదానికి ఇక తల ఊపను. తోక కోసినా కొయ్యకపోయినా ఏ ప్రాణినీ నానమ్మ మాట మీద సముద్రానికి సాగనంపను. శకునాలనేవి నా గడప తొక్కనివ్వను. ఈ ప్రమాణాన్ని చర్చిలో అందరి ముందూ చదువుదామని ఇందాకే బయల్దేరాను కూడా. కళ్ళజోడు మర్చిపోయి వెనక్కి రావలసి వచ్చింది. ప్రస్తుతం కూర్చుని నీళ్ళు తాగుతున్నాను.